పల్లెల చేత అడుగు వేయించిన చక్రవర్తి

యానాం: పెళ్లి ఊరేగింపు కదలాలన్నా, తీర్థంలో కుర్రకారు గుమిగూడాలన్నా ఇప్పుడు డీజే ఉండాల్సిందే. వ్యాను మీద నిలువెత్తు సౌండ్ బాక్సులు, ఓ ల్యాప్‌టాప్, నాలుగు రంగుల లైట్లు.. వీధి వీధంతా ఊగిపోతుంది. గౌతమికి ఇవతల యానాంలోనైనా, అవతల ఎదుర్లంకలోనైనా ఇదే వరస. ఈ పెట్టెలేవీ లేని రోజుల్లో, గొట్టం మైకుల కాలంలో, తెలుగునాట ఊరూరా ఇంతే జోరుగా అడుగు వేయించిన సంగీత దర్శకుడు ఒకరున్నారు. ఆయన కట్టిన బాణీలు నేటికీ డీజేల పెట్టెల్లో మోగుతున్నాయి. ఆయన పేరు మాత్రం వినిపించదు. ఆయనే చక్రవర్తి. అసలు పేరు కొమ్మినేని అప్పారావు.

పాశ్చాత్య దేశాల్లో ఈ రంగంలో రెండు పనులు ఉంటాయి. రికార్డులను ఒకదానికొకటి కలుపుతూ జనాన్ని ఆగకుండా ఆడించేవాడు డీజే. ఆ ఆటకు పనికొచ్చే బీటును తయారు చేసేవాడు ప్రొడ్యూసర్. ఇక్కడ ప్రొడ్యూసర్ అంటే సినిమాకు డబ్బు పెట్టే నిర్మాత కాదు, పాట కట్టే మనిషి. అమెరికాలోని చికాగో నగరంలో 1977 నుంచి వేర్‌హౌస్ అనే క్లబ్బులో ఫ్రాంకీ నకుల్స్ అనే డీజే రాత్రంతా రికార్డులు తిప్పుతూ కొత్త ఒరవడికి దారి వేశాడు. దానికే తర్వాత హౌస్ సంగీతమని పేరొచ్చింది. సరిగ్గా అదే 1977లో తెలుగునాట 'యమగోల' వచ్చింది. మనకు క్లబ్బులు లేవు. మన క్లబ్బు తీర్థం, మన డీజే మైకుసెట్టు కుర్రాడు. ఆ కుర్రాడి చేతికి సరుకు అందించింది మాత్రం ఎక్కువగా చక్రవర్తే.

పొన్నెకల్లు నుంచి మద్రాసుకు

అప్పారావు 1936 సెప్టెంబరు 8న గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టారు. అప్పటికి యానాంలో ఎగురుతున్నది ఫ్రెంచి జెండా. ఆయన కుర్రతనంలోనే, 1954 జూన్‌లో, ఇక్కడ ఫ్రెంచి పాలన ముగిసింది. ఆ తర్వాత యానాం కాగితాలు పాండిచ్చేరి దారి పట్టాయి. సినిమా పాటలు మాత్రం మద్రాసు నుంచి వచ్చేవి. రెండూ తమిళ నేల నుంచే. ఒకటి కదలడానికి నెలలు పట్టేది, రెండోది సినిమా విడుదలైన వారానికే నోటికి వచ్చేసేది.

పాట మీద మక్కువతో అప్పారావు మద్రాసు చేరారు. అక్కడ ఆయనకు ముందు దొరికింది సంగీత దర్శకుడి కుర్చీ కాదు. గాయకుడిగా అడపాదడపా అవకాశాలు, దాంతోపాటు డబ్బింగ్ పని. తమిళ చిత్రాలను తెలుగులోకి అనువదించే పని జోరుగా సాగుతున్న రోజులవి. తెర మీద పెదవి ఎలా కదిలితే దానికి తగ్గట్టు తెలుగు మాట పలకాలి. ఊపిరి ఎక్కడ తీయాలో, మాట ఎక్కడ విరవాలో క్షణాల లెక్కన తెలియాలి. ఆయన ఈ పనిలో ఆరితేరారు. చూసేవారికి ఇది పొట్టకూటి పని. కానీ తెర మీది కదలికకూ చెవికి వినిపించే శబ్దానికీ మధ్య ఉండే లెక్క ఆయనకు ఒంటబట్టింది ఇక్కడే. తర్వాతి రోజుల్లో హీరో అడుగు ఎక్కడ పడుతుందో ముందే ఊహించి దరువు వేయగలిగారంటే ఆ అనుభవం వృథా పోలేదన్నమాట.

సంగీత దర్శకుడిగా తొలి చిత్రం 1971లో వచ్చిన 'మూగప్రేమ'. అప్పుడే అప్పారావు చక్రవర్తి అయ్యారు. వయసు 35. ఆ రంగంలో అది ఆలస్యంగా మొదలుపెట్టినట్టే లెక్క. ఎస్.రాజేశ్వరరావు, పెండ్యాల, కె.వి.మహదేవన్, సత్యం.. ఎటు చూసినా ఉద్దండులే. రెండేళ్లకు, 1973లో, కె.విశ్వనాథ్ తీసిన 'శారద' ఆయనను నిలబెట్టింది. అది మెలోడీ సినిమా. చక్రవర్తి అంటే డప్పు దరువు మాత్రమే అనుకునేవారు ఈ సంగతి మరిచిపోతుంటారు. ఆయన తొలి పేరు తెచ్చుకున్నది మెత్తని పాటతోనే.

ఒక్క తప్పు పడితే మళ్లీ మొదటి నుంచి

1974 ఫిబ్రవరిలో ఘంటసాల కన్నుమూశారు. ఎన్టీఆర్‌కూ, ఏఎన్నార్‌కూ దశాబ్దాలుగా పాడిన గొంతు ఆగిపోయింది. ఆ ఖాళీలోకి ఎస్.పి.బాలసుబ్రహ్మణ్యం వచ్చారు. పాటల రచనలో వేటూరి సుందరరామమూర్తి పుంజుకున్నారు. కె.రాఘవేంద్రరావు లాంటి దర్శకులు పాటకు కొత్త హంగులు అద్దారు. చక్రవర్తి వీరందరి మధ్యా కుదురుకున్నారు.

నాటి రికార్డింగ్ ఎలా ఉండేదో తెలిస్తే ఆయన పని బరువు అర్థమవుతుంది. ఇప్పుడైతే గాయకుడు ఒకరోజు, గాయని మరో రోజు వచ్చి పాడిపోవచ్చు. దరువు కంప్యూటరే వేసిపెడుతుంది. తప్పు పడితే ఆ ముక్క కత్తిరించి అతికిస్తారు. 1970ల్లో అలా కాదు. గాయనీగాయకులు, వయొలిన్ల వరసలు, ఫ్లూటు, గిటార్లు, తబలా, డోలక్, బాంగోలు, డ్రమ్స్.. అందరూ ఒకే థియేటర్లో ఒకేసారి వాయించాలి. చివరి చరణంలో ఒక్కరు తడబడినా అందరూ మళ్లీ మొదటి నుంచి ఎత్తుకోవాల్సిందే. థియేటర్ అద్దె గంటల లెక్కన నడుస్తుంటుంది. నిర్మాత గడియారం వైపు చూస్తుంటాడు. అలాంటి చోట త్వరగా బాణీ కట్టి, త్వరగా నేర్పి, పొద్దుగూకేలోగా పాట చేతిలో పెట్టే మనిషికి ఎంత గిరాకీ ఉంటుంది? చక్రవర్తికి అంత గిరాకీ ఉండేది. ఆయన సంగీతం అందించిన చిత్రాలు 900కు పైగా అని సినీ రంగం లెక్క చెబుతుంది.

ఎన్టీఆర్‌కు కొత్త అడుగు

'యమగోల' వచ్చేనాటికి ఎన్టీఆర్ వయసు 54. 'వేటగాడు' నాటికి 56. ఆ వయసు హీరో తనకంటే సగం వయసు కూడా లేని నాయికల పక్కన చిందేయాలి. చూసేవారికి అది ఎబ్బెట్టుగా ఉండకూడదు. ఈ చిక్కుముడి విప్పింది సంగతే చెప్పాలంటే దరువే. అడుగులు తేలిగ్గా ఉండాలి. కానీ ప్రతి అడుగూ దెబ్బ పడ్డట్టు ఉండాలి. చక్రవర్తి వేసిన తాళంలో ఆ దెబ్బ స్పష్టంగా వినిపిస్తుంది. పల్లె డప్పుకు డ్రమ్స్ తోడైనట్టు, కోలాటానికి గిటార్ జతైనట్టు ఉంటుంది. చంటిపిల్లాడికి కూడా ఎక్కడ చప్పట్లు కొట్టాలో తెలిసిపోతుంది. నాట్యం రానివాడూ ఆడగలిగే పాట అది.

'డ్రైవర్ రాముడు' (1979), 'సర్దార్ పాపారాయుడు' (1980), 'కొండవీటి సింహం' (1981), 'జస్టిస్ చౌదరి' (1982).. ఆ రోజుల్లో ఎన్టీఆర్‌కు దక్కిన పెద్ద విజయాల్లో ఇవన్నీ చక్రవర్తి సంగీతంతో వచ్చినవే. 1981లోనే ఏఎన్నార్ 'ప్రేమాభిషేకం'. దాసరి నారాయణరావు పాటలన్నీ తానే రాసి తీసిన ఆ విషాద ప్రేమకథకు చక్రవర్తి వేరే గొంతుతో పలికారు. ఒకే ఏడాది ఓ చేత్తో 'కొండవీటి సింహం', మరో చేత్తో 'ప్రేమాభిషేకం'.

మైకుసెట్టు రోజులు

1982లో రాఘవేంద్రరావు దర్శకత్వంలో రామానాయుడు 'దేవత' తీశారు. శోభన్‌బాబు, శ్రీదేవి, జయప్రద నటించారు. ఇసుక తిన్నెల మీద వరసలు వరసలుగా బిందెలు పేర్చి తీసిన గోదావరి పాట ఉన్నది ఇందులోనే. పల్లవిలోనే గోదావరి పేరు వినిపించే ఆ పాటకు ఈ ప్రాంతంలో ఎంత ఆదరణ దక్కి ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. ఈ సినిమానే రెండేళ్లకు హిందీలో 'తోఫా'గా తీశారు. అక్కడ సంగీతం బప్పీ లహిరి. బిందెల హంగు ఉత్తరాదికీ పాకింది.

యానాం జిల్లా ఏదైనా, రాష్ట్రం ఏదైనా, సినిమా వ్యాపారం లెక్కల్లో ఇది 'ఈస్ట్' ఏరియాలో భాగం. కాకినాడలో ఏ పాట మోగితే ఇక్కడా అదే మోగేది. వంతెన లేని రోజుల్లో మనుషులు ఎదుర్లంక వెళ్లాలంటే పడవ ఎక్కాలి. పాటకు ఆ అవసరం లేదు. చెట్టు కొమ్మకు కట్టిన గొట్టం మైకు నుంచి నీళ్ల మీదుగా అవతలి ఒడ్డుకు దాటిపోయేది.

ఆ రోజుల్లో మైకుసెట్టు వాడి సరంజామా అంతా రెండు గొట్టాలు, ఓ యాంప్లిఫయర్, రికార్డు ప్లేయర్, చెక్కపెట్టె నిండా ప్లేట్లు. పెళ్లిలోనైనా, అమ్మవారి తీర్థంలోనైనా పొద్దున భక్తి పాటతో మొదలెట్టేవాడు. చీకటి పడేకొద్దీ జోరు పాటలకు వచ్చేవాడు. జనం కదలకపోతే ముల్లు ఎత్తి ప్లేటు మార్చేవాడు. కదిలితే అదే పాట మళ్లీ వేసేవాడు. ఏ పాట తర్వాత ఏది వేస్తే జనం ఊగుతారో ఆయనకు తెలుసు. చికాగో క్లబ్బుల్లో డీజేలు చేసిందీ ఇదే. తేడా ఒక్కటే.. వాళ్లకు రెండు ప్లేయర్లు, మనోళ్లకు ఒకటి.

కోస్తా తీర్థాల్లో రికార్డింగ్ డాన్సు బృందాలు ఉండేవి. రికార్డు వేసి దానికి ఆడతారు కాబట్టి ఆ పేరు. కళాకారుల్లో చాలామంది పేదలు. ఏడాదిలో నాలుగు నెలల తీర్థాల సీజనే వాళ్ల బతుకుతెరువు. జనం కోరే పాట వేయకపోతే డబ్బులు రాలవు. చక్రవర్తి బాణీలు ఆ వేదికల మీద రాత్రులకు రాత్రులు మోగాయి. అసభ్యత పేరుతో వాటికి అడ్డంకులు వచ్చాయి. చక్రవర్తి-వేటూరి పాటల మీదా ఆ విమర్శ వచ్చింది. 'వేటగాడు'లోని వాన పాటను పండితులు తప్పుపట్టారు. సంగీతాన్ని శబ్దంగా మార్చేశారన్న నింద కూడా పడింది. ఆ నిందలో కొంత నిజం ఉంది. అదే మూసలో వచ్చిన పాటలు వందల్లో ఉన్నాయి. మూడు పూటలా పాట కావాలంటే మూడు పూటలా కొత్త ఆలోచన పుట్టదు. కానీ వాటిలోంచి నిలిచిన పాటలను లెక్కేస్తే చాలామందికి జీవితకాలంలో దక్కనన్ని తేలతాయి.

చిరంజీవి.. బ్రేక్ డాన్సు

1983 అక్టోబరు 28న 'ఖైదీ' విడుదలైంది. ఎన్టీఆర్ అడుగుకు తగ్గట్టు దరువేసిన చక్రవర్తికి ఇక్కడ వేరే ఒళ్లు దొరికింది. చిరంజీవి రబ్బరు బొమ్మలా వంగేవాడు. నాగుపాము పాటలో ఆ వేగం చూసి జనం వెర్రెత్తిపోయారు. అప్పటిదాకా దరువు హీరోను మోసేది. ఇప్పుడు హీరో దరువును తరుముతున్నాడు. 47 ఏళ్ల వయసులో చక్రవర్తి తన తాళం వేగం మార్చుకోవాల్సి వచ్చింది. మార్చుకున్నారు.

అదే ఏడాది చివర అమెరికాలో మైకేల్ జాక్సన్ 'థ్రిల్లర్' వీడియో వచ్చింది. 1985లో 'దొంగ' సినిమాలో చిరంజీవి, రాధ శ్మశానంలో దయ్యాల మధ్య ఆడిన పాట దాని ఛాయలోనే తయారైంది. అనుకరణ అని దాచిపెట్టిందీ లేదు. విచిత్రమేమంటే 2000ల్లో ఇంటర్నెట్‌లో ఆ పాట 'ఇండియన్ థ్రిల్లర్' పేరుతో దేశదేశాలు తిరిగింది. తెలుగు ఒక్క ముక్క రానివాళ్లు దాన్ని చూసి నవ్వుకున్నారు, మళ్లీ మళ్లీ చూశారు. సంగీతం ఎవరిదని అడిగినవాళ్లు తక్కువే. 1987లో వచ్చిన 'పసివాడి ప్రాణం'లో చిరంజీవి బ్రేక్ డాన్సు ఊరూరా కుర్రాళ్లకు పిచ్చి పట్టించింది. దానికీ చక్రవర్తే.

కొత్త హీరోలూ ఆయన దగ్గరకే వచ్చారు. 1986లో నాగార్జున తొలి చిత్రం 'విక్రమ్', వెంకటేష్ తొలి చిత్రం 'కలియుగ పాండవులు'.. రెండింటికీ ఆయనే సంగీతం. తండ్రుల తరాన్నీ, కొడుకుల తరాన్నీ ఆడించిన మనిషి.

మరో ముఖం

'ఖైదీ' వచ్చిన 1983లోనే టి.కృష్ణ 'నేటి భారతం' తీశారు. ఆకలి, అన్యాయం, తిరుగుబాటు.. పూర్తిగా వేరే లోకం. దానికీ చక్రవర్తి సంగీతమే. 1985లో 'ప్రతిఘటన'. కాలేజీలో అవమానం పాలైన అధ్యాపకురాలు తరగతి గదిలోనే విద్యార్థులను నిలదీసే పాటను ఎస్.జానకి పాడారు. దరువు మొనగాడు అక్కడ దరువును వెనక్కి నెట్టి మాటను ముందు నిలబెట్టారు. గొంతులోని కోపం వినపడటానికి ఏం తీసేయాలో ఆయనకు తెలుసు.

సరదా మనిషి కూడా. 1981లో వచ్చిన 'పక్కింటి అమ్మాయి'లో సంగీతం మాస్టారి వేషం వేసి నవ్వించారు. హిందీ 'పడోసన్'లో మెహమూద్ వేసిన పాత్ర అది. కిశోర్ కుమార్ పాత్రను బాలసుబ్రహ్మణ్యం వేశారు.

పెట్టె వచ్చింది

1980ల్లో ప్రపంచ సంగీతాన్ని మార్చిన యంత్రాలు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. 1980లో జపాన్ కంపెనీ రోలాండ్ తెచ్చిన టీఆర్-808 అనే డ్రమ్ మెషిన్, 1983లో యమహా తెచ్చిన డీఎక్స్-7 సింథసైజర్. అదే ఏడాది యంత్రాలన్నీ ఒకదానితో ఒకటి మాట్లాడుకునేలా మిడి అనే పద్ధతి వచ్చింది. బొంబాయిలో చరణ్‌జిత్ సింగ్ అనే సినీ వాద్యకారుడు 1982లోనే ఇలాంటి యంత్రాలతో పది రాగాలను డిస్కో బీటు మీద వాయించి రికార్డు తెచ్చాడు. అప్పుడెవరూ పట్టించుకోలేదు. 2010లో మళ్లీ విడుదలయ్యాక డీజేల లోకం ముక్కున వేలేసుకుంది.

మద్రాసు రికార్డింగ్ థియేటర్లలోకీ ఆ పెట్టెలు వచ్చాయి. ముందు ఒక మూలన చేరాయి. తర్వాత గది అంతా వాటిదే అయింది. ఇరవై వయొలిన్లు చేసే పని ఒక కీబోర్డు చేస్తానంది. అచ్చంగా అదే నాదం రాకపోయినా ఖర్చు తగ్గింది, నిర్మాతకు అదే చాలు. వాద్యకారులకు పని తగ్గింది. డోలక్, బాంగో కళాకారుల జాగాలో మెషిన్ దరువు చేరింది. మనుషుల గుంపును ఒక్క గంటలో ఒక్క తాటి మీద నడిపించడం చక్రవర్తి పనితనం. గుంపే లేకపోతే ఆ పనితనంతో అవసరం ఏముంది?

ఆ పెట్టెలతోపాటే పెరిగిన తరం ముందుకొచ్చింది. 1988లో చిరంజీవి 'యముడికి మొగుడు'కు రాజ్-కోటి సంగీతం ఇచ్చారు. కోటి ఒకప్పుడు చక్రవర్తి దగ్గర పనిచేసినవారే. 1989లో 'స్టేట్ రౌడీ'కి బప్పీ లహిరి వచ్చారు. ఇళయరాజా హవా సరేసరి. పెద్ద హీరోల సినిమాలు ఒక్కొక్కటిగా చేజారాయి. పరిశ్రమ కూడా మద్రాసు నుంచి హైదరాబాద్‌కు తరలిపోతోంది. తలుపులు ఎవరూ మూయలేదు, ఫోన్లు రావడం తగ్గింది అంతే. 2002 ఫిబ్రవరి 3న చక్రవర్తి కన్నుమూశారు.

కొడుకు శ్రీ ఆయన బాటలోనే వచ్చినా తండ్రి దరువు జోలికి పోలేదు. 'గాయం' (1993), 'సిందూరం' (1997) లాంటి సినిమాలతో తనదైన ముద్ర వేశారు. 2015లో ఆయనా కన్నుమూశారు.

శిష్యుడి చేతిలో గురువు పాట

ఎం.ఎం.కీరవాణి 1987 ప్రాంతంలో చక్రవర్తి దగ్గర సహాయకుడిగా చేరి పని నేర్చుకున్నారు. 2007లో రాజమౌళి 'యమదొంగ' తీశారు. అందులో 'యమగోల' నాటి పాటను కీరవాణి రీమిక్స్ చేశారు. తాత ఆడిన పాటకు మనవడు జూనియర్ ఎన్టీఆర్ ఆడాడు. గురువు దరువును శిష్యుడు యంత్రాల మీద మళ్లీ కట్టాడు. 30 ఏళ్ల కిందటి బాణీ అది. హాలులో ఈలలు మాత్రం కొత్త పాటకు పడ్డట్టే పడ్డాయి. 2019లో 'గద్దలకొండ గణేష్' కోసం 'దేవత'లోని బిందెల పాటను మళ్లీ తీసుకున్నారు. అదీ అంతే.

2023 మార్చి 12న అమెరికాలో 'ఆర్ఆర్ఆర్' సినిమాలోని పాటకు ఆస్కార్ వచ్చింది. చంద్రబోస్ రాయగా కీరవాణి కట్టిన ఆ పాట పల్లె దరువు మీద ఇద్దరు హీరోలు పోటీపడి చిందేసే పాట. ఎవరైనా చప్పట్లు కొట్టగలిగే తాళం, అడుగు పడ్డచోట దెబ్బ. చక్రవర్తి 1977 నుంచి తీర్థాలకు అందించిన సరుకు కూడా ఇదే కోవకు చెందింది. అప్పట్లో దాన్ని మాస్ గోల అన్నారు. ఆస్కార్ వేదిక మీదికి ఎక్కినప్పుడు అదే మన గొప్పయింది.

చికాగోలో ఫ్రాంకీ నకుల్స్ పని చేసిన వీధికి 2004లో ఆయన పేరు పెట్టారు. ఆ నగరం తనను ఆడించిన మనిషిని గుర్తుపెట్టుకుంది. మనం ఆడింది అంతకంటే తక్కువేమీ కాదు. రేపు మాఘమాసం పెళ్లిళ్లలో, ఎల్లుండి తీర్థాల్లో గోదారి ఒడ్డున బాక్సులు మళ్లీ మోగుతాయి. పాత పాటల రీమిక్స్ అనగానే వాటిలో రెండు మూడు చక్రవర్తివి ఉండక తప్పదు. పాట మారేటప్పుడు డీజే మైకు పట్టుకుని పెళ్లికొడుకు పేరు, ఊరి పెద్దల పేర్లు చదువుతాడు. వాటి పక్కన కొమ్మినేని అప్పారావు పేరు కూడా ఒక్కసారి చదివితే పోయేదేమీ లేదు. బాక్సుకు అద్దె పెరగదు, పాటకు మాత్రం ఇంటిపేరు దొరుకుతుంది.